నీడ తెలిసిన కన్ను

మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో దమయంతికి ఒక విషమపరీక్ష ఎదురవుతుంది. ఆమె మనసు నలునిపై ఉన్నదని తెలిసియుండి కూడా ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపాలనే ధరించి స్వయంవరసభలో కూర్చున్నారు. ఐదు ముఖాలూ ఒక్కటే. ఆమె ప్రార్థనకు కరిగి దేవతలు తమ చిహ్నాలను వెల్లడించారు. వారికి నీడలు లేవు, పాదాలు నేలను తాకలేదు, రెప్పలు పడలేదు, మెడలోని పూలదండలు వాడలేదు, దేహానికి దుమ్ము అంటలేదు. నలునికి నీడ ఉన్నది, చెమట ఉన్నది, ధూళి ఉన్నది. దమయంతి అతనినే వరించింది.

కంప్యూటర్‌లో నిర్మించిన వస్తువును ఛాయాచిత్రంలో సహజంగా ఇమిడ్చే విద్యను కంపోజిటింగ్ అంటారు. ఆ విద్యకు ఈ కథను మించిన తొలిపాఠం లేదని నా అభిప్రాయం.

ఒక పల్లెటూరి ఇంటి అరుగును సాయంకాలపు ఎండలో ఫొటో తీశారనుకొందాం. అక్కడ లేని ఇత్తడి బిందెను దానిలో చేర్చవలసి ఉన్నది. బిందె ఆకారాన్ని తీర్చిదిద్దటంతో పని పూర్తి కాదు, నిజానికి అప్పుడే మొదలవుతుంది. కెమెరా ఎంత ఎత్తునుండి అరుగును చూచిందో, బిందెను కూడా అంతే ఎత్తునుండి చూచినట్లు నిలపాలి. ఆ ఎత్తు తప్పితే బిందె మూతి మరీ విప్పారినట్లో, మరీ ముడుచుకొన్నట్లో కనిపించి కన్ను అనుమానిస్తుంది. తరువాత స్తంభం నీడ ఎటు పడుతున్నదో బిందె నీడా అటే పడాలి. సూర్యుడు మన కంటికి చుక్క కాదు, సుమారు అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుచేత నీడ అంచు బిందె మొదట స్పష్టంగా ఉండి, దూరమయ్యేకొద్దీ పలుచబడుతుంది. ఆ నీడ కటికనలుపు కూడా కాదు. ఆకాశపు వెలుగు సోకి దానిలో కొంత నీలిఛాయ కలుస్తుంది. అరుగు ఎర్రమట్టితో అలికినదైతే ఆ ఎరుపు బిందె అడుగుభాగంపై ప్రతిఫలిస్తుంది. ఇవి ఏ గ్రంథంలోనో కాదు, మన వాకిట్లోనే నిత్యం కనిపించే విషయాలు. చూచేవారే తక్కువ!

ఇత్తడిలో మరొక చిక్కు ఉన్నది. ఫొటోలో పడని చెట్టు, ఎదురింటి గోడ, ఫొటో తీసినవాని వెనుక ఉన్న ఆకాశం కూడా దానిలో ప్రతిబింబించాలి. వీటిని ఎక్కడినుండి తేవాలి? 1998లో పాల్ డెబెవెక్ ఒక మార్గం చూపాడు. వస్తువును చేర్చదలచిన చోట అద్దంవలె మెరిసే గోళాన్ని ఉంచి, వెలుతురును తక్కువగాను ఎక్కువగాను గ్రహిస్తూ పలుమార్లు ఫొటోలు తీసి వాటిని కలిపితే, అన్ని దిక్కుల కాంతి కొలత చిక్కుతుంది. ఆ కాంతినే కల్పితవస్తువుపై ప్రసరింపజేస్తారు. చివరకు ఫొటోలోని గరుకుదనం, కటకపు మసక కూడా బిందెకు అంటించాలి. మచ్చలేని బిందె వాడని పూలదండవలె తనను తానే పట్టిస్తుంది.

ఒక్క వాక్యం చెబితే కృత్రిమమేధ బొమ్మను గీసి ఇస్తున్న ఈ కాలంలో ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగుతారు. స్వయంగా నీడను దిద్దినవాని కన్ను ఇతరుల కల్పనలోని లోపాన్నీ త్వరగా పట్టగలదన్నది నా సమాధానం. అయితే ఈ సమాధానం అన్నివేళలా చాలదు. యంత్రాలకు నైపుణ్యం పెరిగేకొద్దీ చిహ్నాలు కనుమరుగవుతాయి. దమయంతి కూడా కేవలం తన చూపుతో గెలవలేదు కదా! దేవతలు దయతలచి చిహ్నాలు చూపారు. మోసగించ దలచినవాడు ఆ దయ చూపడు.

సినిమాలో ప్రేక్షకుడు కల్పన అని తెలిసే టిక్కెట్టు కొంటాడు. వార్తాచిత్రాన్ని చూచే పాఠకుడు అలా ఒప్పుకొని చూడడు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక నిలువు ముఖచిత్రంలో ఇమడటానికి గిజా పిరమిడ్లను కంప్యూటర్ సాయంతో దగ్గరకు జరిపింది. కొత్త వస్తువేదీ చేర్చలేదు. అయినా తీవ్రవిమర్శ తప్పలేదు. అది న్యాయమేనని నేను భావిస్తాను. పిరమిడ్ల సంగతే అట్లుండగా, ఒక మనిషిని అతడు వెళ్ళని చోట నిలబెట్టిన చిత్రం అతని బ్రతుకునే దెబ్బతీయగలదు.

అందువల్ల ఈ విద్యను నేర్పేవారు మొదటిరోజునుండే ఒక నియమం పెట్టాలి. విద్యార్థి తాను కూర్చిన చిత్రాన్ని ఒంటిగా కాక, దాని పక్కనే బిందె లేని ఖాళీ అరుగు ఫొటోను కూడా చేర్చి గురువుకు సమర్పించాలి.