స్టీరింగు మనది, ఆర్సీ ఎవరిది?

మిల్లు మూతపడితే మొదట గేటు బయటికి వచ్చేది ఎవరు? స్వీపరు, హమాలీ, బాయిలరు కాడ బొగ్గు ఎత్తేవాడు. అంటే మనవాళ్లే. 2014లో కాగజ్‌నగర్ పేపరు మిల్లు మూతపడింది, మళ్లీ తెరిచింది 2018లో. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీలు లేఆఫ్ ప్రకటించాయి. ఇట్ల కొలువు పోయినోళ్లకు అధికారులు చెప్పే మాట ఒకటే: డ్రైవింగు నేర్చుకోండి, బండి పెట్టుకోండి.

మాట చెడ్డది కాదు. గుంట భూమి లేనోడికి నాలుగు చక్రాలే నాలుగెకరాలు. దొర గడప తొక్కకుండా బతికే తొవ్వ అది. కానీ శిక్షణ పేరు మీద మనకు ఇచ్చేదేమిటి? నెల రోజులు స్టీరింగు తిప్పుడు, ఆఖరుకు ఒక సర్టిఫికెటు. దానితో డ్రైవరవుతాడు, ఓనరు కాడు. మిల్లు యజమాని కింది నుంచి లారీ యజమాని కిందికి మారుడు బతుకు మారుడు ఎట్లయితది?

ఈ శిక్షణ కథ పాతదే. 1992లో కేంద్రం నేషనల్ రెన్యువల్ ఫండ్ పెట్టింది. కొలువు పోయిన కార్మికులకు కొత్త పని నేర్పిస్తమన్నది. పైసల్లో ఎక్కువ భాగం వీఆర్ఎస్‌లకే పోయింది. ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి అమలైన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో రీస్కిల్లింగ్ ఫండ్ అన్నరు. రిట్రెంచ్ చేసిన కార్మికునికి 15 రోజుల జీతం ఆ ఫండు కింద ఖాతాలో పడాలె. ఇది మన హక్కు, వదులుకోవద్దు. కానీ నెలకు 14 వేల జీతగానికి వచ్చేది 7 వేల చుట్టుపక్కల. దానితో లారీకి ఒక్క టైరు రాదు. ఇక కాంట్రాక్టు గడువు అయిపోయిందని ఇంటికి పంపిన మనిషిని రిట్రెంచ్ అయినట్టే లెక్కకట్టరు. మనోళ్లు ఎక్కువ మంది ఉన్నది ఆ కాంట్రాక్టు పనుల్లోనే.

బండి కొనుడు ఒక ఎత్తు, కిరాయి దొరుకుడు పది ఎత్తులు. 2021లో తెలంగాణలో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టే పని లేకుండా ఇస్తమన్నరు. చాలామంది బండ్లే కోరుకున్నరు. ఒకే ఊళ్లె అందరూ ఒకే రకం బండి తీసుకుంటే కిరాయి ఎవరికి మిగులుతది? అదే 2017లో హైదరాబాద్ జలమండలి 70 చిన్న జెట్టింగ్ బండ్లు దింపినప్పుడు, దళిత యజమానులకు బండితోపాటు పని కాంట్రాక్టు కూడా ఇచ్చింది. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించే పనిని మిషిను చేసింది, కిస్తీ కట్టే దారీ దొరికింది. తేడా ఇక్కడున్నది. పని ముందు, బండి తర్వాత.

రేషను బియ్యం మోసేది లారీలే. కొనుగోలు కేంద్రాల వడ్లు మిల్లుకు చేర్చేది లారీలే. ఎరువులు, బడి పుస్తకాలు మోసేదీ లారీలే. ఈ టెండర్లు ఎవరి చేతుల్లో ఉన్నయ్? కేంద్ర సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి జరగాలని 2012 నుంచే విధానం ఉన్నది. రవాణా పనుల్లో ఆ వాటా ఏమైందని ఊరూరా అడగాలె.

కార్యకర్తలు ఈ సంగతులు వాడవాడకు చెప్పాలె. బండి లైసెన్సుకు 8వ తరగతి నిబంధన 2019లో పోయింది. చదువు లేదని వెనక్కి పంపితే నిలదీయండి. 7,500 కిలోల లోపు రవాణా బండికి కారు లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అవసరం లేదు. ముందు చిన్న బండితో మొదలుపెట్టి, కిరాయిలు కుదిరినంక పెద్ద లారీకి పోవుడు మేలు. కిస్తీ తప్పితే ఫైనాన్సోడు గూండాలను పెట్టి బండి గుంజుకపోవద్దని 2007లోనే సుప్రీంకోర్టు హెచ్చరించింది.

ఇంకో మాట. సబ్సిడీ కోసం మన పేరు అడిగేటోళ్లు వస్తరు. పదో పరకో చేతిల పెడతరు. పేరు మనది, బండి వానిది. అప్పు ఎగ్గొడితే నోటీసు మాత్రం మన ఇంటికే. ఇది ఆధునిక వెట్టి. బినామీ సంతకం పెట్టకండి.

మా డిమాండ్లు ఇవి: శిక్షణలో స్టీరింగుతో పాటు డీజిలు, టోలు, టైర్లు, ఇన్సూరెన్సు, కిస్తీ లెక్కలు నేర్పాలె. కాంట్రాక్టు కార్మికులకూ రీస్కిల్లింగ్ ఫండ్ వర్తించాలె. ప్రభుత్వ రవాణా టెండర్లలో మన వాటా మనకు కావాలె. ఆడవాళ్ల పేరు మీద కూడా ఆర్సీ రావాలె. నలుగురైదుగురు కలిసి సంఘం పెట్టుకుంటే ఆ సంఘానికి అప్పియ్యాలె.

డ్రైవరు కొలువు అడుగుడు కాదు, లారీ మీద హక్కు అడుగుదాం. జై భీమ్!