మలుపు ఎవరిది? నష్టపరిహారం ఎవరికి?

పదో తరగతి పిల్లల్ని అడగండి, పోటీపరీక్షలకు కూర్చునే కుర్రాళ్లని అడగండి. ప్రపంచ చరిత్రలో పెద్ద మలుపు ఏదంటే తడుముకోకుండా చెప్తారు: 1789, ఫ్రెంచి విప్లవం. జూలై 14న బాస్టిల్ కోట పడింది, ఆగస్టు 26న మానవ హక్కుల ప్రకటన వచ్చింది, స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే మాటలు లోకమంతా మోగాయి. ఇది తప్పని మేము అనడం లేదు. రాజు దేవుడి అంశ అనే మాటను పారిస్ జనం కాళ్ల కింద వేసి తొక్కారు. చిన్న సంగతేం కాదు.

కానీ అన్నలారా, అక్కలారా, ఆ బండి మలుపు తిరిగినప్పుడు బండి మీద కూర్చున్నది ఎవరు? లాగింది ఎవరు? బాడుగ కట్టింది ఎవరు? ఈ మూడు ప్రశ్నలూ ఏ పరీక్షలోనూ రావు. అందుకే మేము అడగదల్చుకున్నాం.

అదే 1789లో అట్లాంటిక్ సముద్రానికి అవతల సెయింట్ డొమింగ్ అనే ఫ్రెంచి వలస ఉంది. ఈనాటి హైతీ దేశం అదే. అక్కడ ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషులు, వాళ్ల బిడ్డలు దాదాపు 5 లక్షలమంది బానిసలు. తెల్లవాళ్లు 40 వేలకు మించరు. యూరపు తినే చక్కెరలో నూటికి 40 వంతులు, తాగే కాఫీలో సగానికి పైగా అక్కడినుంచే వచ్చేది. చెరకు గానుగలో మనిషి చెయ్యి ఇరుక్కుంటే నరకడానికి కత్తి పక్కనే సిద్ధంగా పెట్టేవాళ్లు. చెయ్యి పోయినా ఫర్వాలేదు, గానుగ ఆగకూడదు!

మరి హక్కుల ప్రకటన వీళ్లకు వర్తించదా? ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఆ ప్రకటనలో మొదటి అంశం మనుషులంతా పుట్టుకతో సమానులంటుంది. చిట్టచివరి అంశం, పదిహేడోది, ఆస్తి పవిత్రమైనది, న్యాయమైన పరిహారం ముందుగా చెల్లించకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదు అంటుంది. తోటల దొరలు మొదటి అంశాన్ని పక్కన పెట్టి చివరిది పట్టుకున్నారు. బానిస మా ఆస్తి కదా, మా ఆస్తిని ఎట్లా ముట్టుకుంటారు అన్నారు. ఒక్క కాగితం మీదే ఒకే మనిషి పైన సమానుడు, కింద సరుకు.

ఆ ముడి పారిస్ పెద్దమనుషులు విప్పలేదు. 1791 ఆగస్టు 22 రాత్రి బానిసలే తెంపేశారు. ఉత్తర మైదానంలో చెరకు తోటలు తగలబడ్డాయి. రెండేళ్లు తిరగబాటు ఆగలేదు. పైనుంచి ఇంగ్లీషువాళ్లు, స్పెయిన్ వాళ్లు దండెత్తి వచ్చారు. నల్లవాళ్లు తోడు లేకపోతే దీవి దక్కదని ఫ్రెంచి అధికారులకు తెలిసొచ్చింది. 1793లో అక్కడి కమిషనర్లు విముక్తి ప్రకటించక తప్పలేదు. 1794 ఫిబ్రవరి 4న పారిస్ సభ బానిసత్వాన్ని రద్దు చేసి చప్పట్లు కొట్టుకుంది. వాళ్లు ఇచ్చింది కాదది, వీళ్లు గుంజుకున్నది.

ఇచ్చామని చెప్పుకున్నవాళ్లు మళ్లీ లాక్కోబోయారు కూడా. 1802లో నెపోలియన్ సైన్యాన్ని పంపాడు. ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని నిలబెట్టే చట్టం అదే ఏడు చేశాడు. ఒకప్పుడు దొర గుర్రబ్బండి తోలి, తర్వాత సేనాపతి అయిన తూసాన్ లూవెర్చర్‌ని మాట్లాడదాం రమ్మని పిలిచి బంధించారు. 1803 ఏప్రిల్‌లో ఫ్రాన్సు కొండల్లోని చలి జైల్లో ఆయన చచ్చిపోయాడు. జనం మాత్రం చావలేదు. అదే ఏడు నవంబరులో ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమని చాటారు. బానిసలే తిరగబడి దేశం కట్టుకుని నిలబడ్డది లోకంలో అక్కడే. ఇది మలుపు కాదా? మన పిల్లల పాఠంలో దీనికి ఎన్ని మార్కులు?

ఇప్పుడు బాడుగ సంగతికి వద్దాం. 1825 ఏప్రిల్ 17న ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ ఒక ఉత్తర్వు తీశాడు. మీ స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంటాం, కానీ మా దొరలకు పోయిన ఆస్తికి 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అన్నాడు. ఉత్తర్వు వెంట యుద్ధనౌకలు వచ్చి నిలబడ్డాయి. పోయిన ఆస్తి అంటే ఏంది? తోటలు, ఇళ్లతో పాటు ఆ మనుషులే! తమ ఒంటికి తామే ఖరీదు కట్టాలన్నమాట. మొదటి వాయిదాకే డబ్బు లేక ఫ్రాన్సు బ్యాంకుల దగ్గరే అప్పు చేశారు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. అయినా అప్పు మీద అప్పు పెరిగి, దాని తోక తెగింది 1947లో. బడులకు, రోడ్లకు, ఆసుపత్రులకు పోవాల్సిన సొమ్ము వందేళ్లపైన అటు పోయింది. ఆ దేశం ఎందుకు బీదదయిందని అడిగేవాళ్లు ముందు ఈ పద్దు చదవాలి. ఉత్తర్వుకు 200 ఏళ్లు నిండిన 2025లో, రెండు దేశాల చరిత్రకారులతో కమిషన్ వేస్తామని ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ ప్రకటించాడు. కమిషన్ సంగతి సరే, సొమ్ము మాట ఎత్తలేదు.

ఇది ఒక్క ఫ్రాన్సు బుద్ధి అనుకోకండి. బ్రిటన్ 1833లో బానిసత్వ రద్దు చట్టం చేసింది. 8 లక్షలమంది విడుదలకు 2 కోట్ల పౌండ్లు పరిహారం పెట్టింది. ఆనాటి ప్రభుత్వం ఏడాది ఖర్చులో అది నూటికి 40 వంతులు. మొత్తం యజమానులకే. కొరడా దెబ్బలు తిన్నవాడికి చిల్లిగవ్వ లేదు, పైగా పని నేర్పడం అనే పేరుతో 1838 దాకా అదే తోటలో చాకిరీ. ఆ పరిహారం కోసం చేసిన అప్పు 2015లో తీరింది. బ్రిటన్‌లో బతికే బానిసల వారసులు కూడా పన్నుల రూపంలో అది కట్టారు.

ఆ 2 కోట్లలో సుమారు 20 లక్షల పౌండ్లు మారిషస్ చెరకుతోటల దొరలకు పోయాయి. దొరకు తోట మిగిలింది, డబ్బు చేతికొచ్చింది, ఇక చవక చేతులు కావాలి. అక్కడ మన కథ కలుస్తుంది. 1834 నుంచి హిందూస్థానం కూలీలను ఒప్పంద కాగితాల మీద వేలిముద్రలు వేయించి ఓడలెక్కించారు. గోదావరి జిల్లా కోరంగి రేవు నుంచి పోయినవాళ్ల వల్ల మారిషస్‌లో తెలుగువాళ్లకు కోరంగీలు అనే పేరే పడింది. ఎక్కినవాళ్లలో ఎక్కువమంది సెంటు భూమి లేని కూలినాలి జనమే. ఒకడి సంకెల ఊడదీసి, ఇంకొకడి చేతికి కాగితం తగిలించారు.

రష్యాలో 1861లో జార్ చక్రవర్తి 2 కోట్లకు పైగా వెట్టి రైతులను విడిపించాడు. తాతల నాటినుంచి దున్నుతున్న భూమిలోనే కొంత కోసుకుని, మిగిలినదానికి 49 ఏళ్లపాటు వాయిదాలు కట్టమన్నారు. 1905లో రైతులు, కార్మికులు తిరగబడితేగాని ఆ వాయిదాలు రద్దు కాలేదు. 1917 విప్లవం ఆకాశంలోంచి ఊడిపడలేదు. అమెరికాలో 1865 జనవరిలో, విడుదలైన నల్లకుటుంబాలకు 40 ఎకరాల చొప్పున అని సేనాని షెర్మన్ ఆజ్ఞ వేశాడు. ఏడాది తిరక్కముందే అధ్యక్షుడు జాన్సన్ ఆ భూములు పాత దొరలకు తిరిగిప్పించాడు.

కొందరు పెద్దలు అంటారు: ఎట్లాగో ఒకట్లా బానిసత్వం పోయిందిగా, దొర నోట్లో నాలుగు డబ్బులు కొడితే ఏం పోయింది? చాలా పోయింది. నష్టపరిహారం ఇవ్వడమంటే, నష్టపోయింది ఎవరో రాతపూర్వకంగా ఒప్పుకోవడం. దొరకు ఇచ్చినప్పుడు, అన్యాయం దొరకే జరిగిందని ప్రభుత్వం సంతకం పెట్టినట్టే. మూడు తరాల చాకిరీ లెక్కలోకే రానట్టే. డబ్బున్నవాడు మళ్లీ దొరయ్యాడు, స్వేచ్ఛ ఒక్కటే ఉన్నవాడు మళ్లీ అతని గడపకే పోయాడు.

మన దగ్గరా అంతేగా! 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు, 1949లో హైదరాబాదు జాగీర్ల రద్దు. రెండింట్లోనూ పరిహారం జమీందారుకు, జాగీర్దారుకు. వెట్టి చేసిన మాలమాదిగల కూలి బకాయి ఏ చట్టం కట్టింది? 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ఒక్కటి ఎదురు నడిచింది. వెట్టి అప్పు మొత్తం కొట్టేసింది, పైసా తీసుకున్నా నేరమంది. అందుకే అది అమలు కావాలంటే పోరాడాల్సి వచ్చింది. 2013 భూసేకరణ చట్టం, మూడేళ్లుగా ఆ భూమి మీద కష్టం చేసి బతికే భూమిలేని కూలీ కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబమే అంది. మీ ఊళ్లో సర్వే జరిగితే ఆ జాబితాలో కూలీల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. పట్టా ఉన్నాయన పేరు ఎట్లాగూ ఉంటుంది.

కాబట్టి సంఘాల్లో, రాత్రిబడుల్లో 1789 చెప్పేటప్పుడు 1791 కూడా చెప్పండి. దాని పక్కనే 1825 రాయండి. రేపు ఎవడైనా వేదికెక్కి చరిత్ర మలుపు తిరిగిందని, కొత్త చట్టం వచ్చిందని డప్పు కొట్టిస్తే, చప్పట్లకు ముందు అడగండి: భూమి ఎవరి పేరున ఉంది? పాత బాకీ ఎవరికి కట్టారు? చెక్కు ఎవరి చేతికి పోయింది? ఆ చెక్కు మీద మన పేరు లేనంతకాలం తిరిగింది వాళ్ల బండే. మనమింకా కాడి కిందే ఉన్నాం.