నైలు ఒడ్డున నాలుగు రోజులు

ఉమ్రా ముగిసిన తరువాత జిద్దా నుండి నేరుగా హైదరాబాదు చేరవలసిన మేము, గడచిన జనవరిలో కైరో నగరంలో నాలుగు రోజులు ఆగాము. పవిత్ర యాత్రకు వెళ్లినవారు మరొక దేశంలో తిరగడం దుబారా కాదా అన్న ప్రశ్న పాఠకుల కంటె ముందు మా ఇంట్లోనే పుట్టింది. మా బావగారు ఆ మాటను ముఖం మీదనే అన్నారు. భూమిలో సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల చెప్పిందని మేము జవాబు ఇచ్చాము గాని, నిజం చెప్పాలంటే నిర్ణయం చేసింది మేము కాదు. డెబ్బది దాటిన మా అమ్మగారు, "సహాబీ కట్టించిన మస్జిదులో రెండు రకాతులు చదివి వస్తాను, నాయనా. మళ్లీ ఇంత దూరం వస్తానా?" అన్నారు. దానితో వాదం ముగిసింది. జిద్దా నుండి కైరోకు విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణమే. అయితే వీసా చేతికి అందిన తరువాతనే టికెట్టు కొనడం మంచిదని ఈ దారిన వెళ్లదలచిన కుటుంబాలకు ముందుగానే మనవి చేస్తున్నాము.

అమ్మగారి కోరిక ప్రకారం మొదటి ఉదయమే హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) మస్జిదుకు వెళ్లాము. కైరోలో మెట్రో రైలు 1987 నుండి నడుస్తున్నది. ఆఫ్రికా ఖండంలో అదే మొదటిది. రైలు మధ్యలో కొన్ని పెట్టెలు స్త్రీలకు ప్రత్యేకించినవి. అమ్మగారు, మా శ్రీమతి అందులో ఎక్కి సుఖంగా కూర్చున్నారు, మేమూ మా చిన్నవాడూ పక్క పెట్టెలో వేలాడాము. మార్ గిర్గిస్ అనే స్టేషనులో దిగితే మస్జిదు కొద్దిపాటి నడక. క్రీ.శ. 641–42 లో ఈజిప్టు గడ్డ మీద కట్టిన మొదటి మస్జిదు ఇదే. ఆనాటి ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, ఆకుల కప్పు ఇప్పుడు లేవు. శతాబ్దాల తరబడి పెంచుతూ, కూలినచోట మళ్లీ కడుతూ వచ్చిన కట్టడమే మనకు కనిపించేది. అందుచేత ప్రాచీన శిల్పం కోసం వెళ్లినవారికి నిరాశ కలుగవచ్చు. అమ్మగారికి కలుగలేదు. విశాలమైన ఆవరణ, బారులు తీరిన పాలరాతి స్తంభాలు, స్తంభానికి వీపు ఆనించి ఖుర్ఆన్ చదువుకుంటున్న ముసలివాళ్లు. ఆమె స్త్రీల భాగంలో నమాజు చేసి చాలాసేపు లేవలేదు. మేము తొందరపెట్టలేదు.

హజ్రత్ అమ్ర్ (రజి) గుడారం మీద ఒక పావురం గూడు కట్టిందనీ, అది పొదుగుతున్నందున గుడారాన్ని పీకవద్దని ఆయన ఆజ్ఞాపించారనీ, ఆ గుడారం చుట్టూ వెలసిన పట్టణానికే ఫుస్తాత్ అన్న పేరు వచ్చిందనీ ఒక కథనం. మస్జిదుకు అతి సమీపంలోనే రోమనుల బాబిలోన్ కోట శిథిలాలు, ఖిబ్తీ క్రైస్తవుల 'వేలాడే చర్చి', బెన్ ఎజ్రా యూదుల ప్రార్థనాలయం ఉన్నాయి. పిల్లలను వెంట తీసుకువెళ్లినవారు ఆ వీథిని తప్పక చూపించాలి. ముగ్గురి ప్రార్థనాలయాలు కాలినడకన చూడగలిగిన ఇటువంటి చోటు పుస్తకంలో చదివితే కలగని గురి కళ్లతో చూస్తే కలుగుతుంది.

మధ్యాహ్నం రౌదా ద్వీపానికి వెళ్లాము. ఇది సాధారణంగా యాత్రికులను తిప్పే సంస్థల జాబితాలో ఉండదు. మా ప్రయాణంలో మాకు మిగిలిపోయింది మాత్రం ఇదే. అక్కడ నైలు నదిని కొలిచే 'మిక్యాస్' ఉన్నది. క్రీ.శ. 861 లో అబ్బాసీ ఖలీఫా అల్ ముతవక్కిల్ కాలంలో కట్టించినది. ఖగోళ శాస్త్రవేత్త అల్ ఫర్ఘానీ పర్యవేక్షించినట్లు చెబుతారు. పైకి చూస్తే శంఖువు ఆకారపు కప్పున్న చిన్న మండపం, లోపల రాతితో కట్టిన లోతైన బావి, బావి నడుమ ఎనిమిది పలకల పాలరాతి స్తంభం, దాని మీద మూరల గుర్తులు. వేర్వేరు మట్టాలలో మూడు సొరంగాల ద్వారా నదినీరు ఈ బావిలోకి వచ్చేది. స్తంభం మీద నీరు పదహారు మూరలు తాకితే ఆ ఏడు పంటకు, పన్నుకు లోటు లేదని అర్థం. అంతకు బాగా తగ్గితే కరువు, మరీ మించితే కట్టలు తెగుతాయని భయం. నీటి మట్టం పెరిగే దినాలలో నది ఎన్ని వేళ్లు పెరిగిందో చాటింపు వేసేవారు వీథి వీథిన కేక వేసి చెప్పేవారు. గోడల మీద నీటిని గురించి, మొలకెత్తే పంటను గురించి చెప్పే ఖుర్ఆన్ వాక్యాలను కూఫీ లిపిలో చెక్కారు. అస్వాన్ పెద్ద ఆనకట్ట 1970 లో పూర్తి అయిన తరువాత నైలుకు ఏటేటి వరద లేదు. బావి ఎండిపోయింది. ఇప్పుడు మెట్ల మీదుగా అడుగు దాకా దిగవచ్చు.

మా అమ్మగారు మోకాళ్ల నొప్పి వల్ల దిగలేదు, పైన నిలబడి కటకటాలు పట్టుకొని చూశారు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న మా నడిగడ్డవారికి ఈ స్తంభాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అమ్మగారి పుట్టిల్లు తుంగభద్ర ఒడ్డున రాజోలి. 2009 అక్టోబరు మొదటి రోజులలో వచ్చిన వరదలో మా మేనమామ ఇల్లు, మగ్గాల వీథితో సహా నీటి పాలయింది. కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చినవాళ్లు నెలల తరబడి ఉన్నారు. అమ్మగారు చాలాసేపు ఆ గీతల వంక చూసి, "ఇన్ని నూర్ల ఏండ్ల కిందనే వేళ్లతో కొలిచి ఊరంతా చెప్తుండిరా? ఆ రాత్రి మా తమ్మునికి ఎవరు చెప్పిరి నాయనా?" అన్నారు. మేము ఏమి చెప్పగలము? జూరాల గేట్ల లెక్కలు, టీవీలో వచ్చే క్యూసెక్కులు మాకు తెలుసు. ఆ అంకెలు వీథిలోని మనిషి చెవికి, సమయానికి, వాడికి అర్థమయ్యే భాషలో చేరతాయా అన్నది వేరే సంగతి. మా చిన్నవాడు అడుగుదాకా దిగి స్తంభం మీది గుర్తులను లెక్కపెట్టి వచ్చి నానమ్మకు చెప్పాడు.

రెండవ రోజు పాత కైరోలో గడిచింది. క్రీ.శ. 969 లో ఫాతిమీలు పునాది వేసిన 'అల్ ఖాహిరా' ఇదే. అల్ అజ్‌హర్ మస్జిదును 970 లో మొదలుపెట్టి 972 రమజానులో తెరిచారు. కొద్ది యేండ్లకే బోధన ప్రారంభమైంది. విశ్వవిద్యాలయం ఇప్పుడు నగరమంతా విస్తరించింది గాని, తెల్లని పాలరాతి ఆవరణలో నేటికీ గురువు చుట్టూ వలయంగా కూర్చున్న విద్యార్థులు కనబడతారు. ఇండోనేషియా, నైజీరియా, ఇంకా ఎక్కడెక్కడి పిల్లలో! మేము భారతీయులమని తెలియగానే ఒక కాపలాదారు ముఖం వికసించి "అమితాబ్ బచ్చన్!" అన్నాడు. ఆ నాలుగు రోజులలో ఆ పేరు మాకు సలాముకు జవాబులాగా వినబడింది.

అక్కడి నుండి ముయిజ్ వీథి వెంట నడవాలి. వాహనంలో వెళ్లి లాభం లేదు. ఈ వీథిలో సుల్తాన్ ఖలావూన్ 1284–85 లో కట్టించిన సముదాయాన్ని చూడకుండా ఖాన్ అల్ ఖలీలీ అంగళ్లలోకి పరుగెత్తేవారే ఎక్కువ. సమాధి, మదరసాలతో పాటు ఒక ఆసుపత్రి కూడా కట్టి, పేద గొప్ప, స్త్రీ పురుష భేదం లేకుండా వక్ఫు రాబడితో ఉచితంగా వైద్యం చేయించారు. ఆ స్థలంలో నేటికీ కంటి ఆసుపత్రి నడుస్తున్నది. ఏడు వందల ఏండ్లకు పైగా ఒకే చోట వైద్యం! మన ఊళ్లలోని వక్ఫు భూముల సంగతి ఆ క్షణాన గుర్తుకు రాకమానదు. ఇక ఖాన్ అల్ ఖలీలీలో బేరం తప్పదు. ధర సగం నుండి మొదలుపెట్టిన మా శ్రీమతి చాలా తక్కువ అడిగానేమోనని జంకింది, దుకాణదారు సంతోషంగా ఒప్పుకోవడంతో ఎక్కువ ఇచ్చానని రాత్రంతా బాధపడింది.

మాకు నచ్చిన బజారు వేరే ఉంది. జువైలా ద్వారం దాటగానే కప్పుతో కూడిన ఒక పాత వీథి వస్తుంది. గుడారాలు కుట్టేవారి వీథి అని దానికి పేరు. రంగురంగుల గుడ్డముక్కలను మడిచి, మరొక గుడ్డ మీద చేతితో కుట్టి, తామరలు, జ్యామితి ఆకారాలు, ఖుర్ఆన్ వాక్యాలు తీర్చిదిద్దుతారు. కుట్టేవారు ఎక్కువగా మగవారే. అమ్మగారు ఒక గుడ్డను చేతిలోకి తీసుకొని ముందు వైపు చూడకుండా తిరగేసి వెనుక వైపు చూశారు. గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచును కుప్పడంతో కలిపిన చోటును చూసి నేత నాణ్యం చెప్పే అలవాటు ఆమెది. పనివాడు ఆమె చూపును గమనించి, మంచిదాన్ని లోపలి నుండి తెచ్చి పరిచాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. పావుగంట సేపు దారం, ముడి, మడత చూపించుకుంటూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. కాబా గృహానికి కప్పే కిస్వా కూడా ఇరవయ్యో శతాబ్ది నడిమి దాకా ఈ నగరంలోనే తయారై మక్కాకు వెళ్లేది.

తినడం విషయంలో మన కుటుంబాలకు ఇబ్బంది లేదు. కుషరీ అనే వంటకం అన్నం, చిరుశనగలు, మసూరు, మాకరోనీ, వేయించిన ఉల్లి, టమాటా పులుసు కలిపినది. మన కిచిడీకి చుట్టమని అంటారు. చుట్టమే గాని కారం ఎరుగని చుట్టం. మేము గద్వాల నుండి మోసుకువెళ్లిన మిరప పొడి మూడవ పూటకే ఖాళీ అయింది. బాకలా గింజలతో చేసే 'ఫూల్', రొట్టె ఉదయానికి చాలు.

మూడవ రోజు గీజా. ఖుఫూ పిరమిడు సుమారు నాలుగున్నర వేల ఏండ్ల కిందటిది, కట్టినప్పుడు 146 మీటర్ల ఎత్తు. దాని గురించి అందరికీ తెలిసినదే గనుక విస్తరించము. ఒక్క హెచ్చరిక మాత్రం. "ఫొటోకు డబ్బు అక్కరలేదు, స్నేహితుడా" అని మా చిన్నవాణ్ణి ఒంటె మీదకు ఎక్కించినవాడు, దింపడానికి డబ్బు అడిగాడు. ఎక్కే ముందే దిగే వెల మాట్లాడుకోవాలన్న సంగతి మాకు అప్పుడు తెలిసింది. దగ్గరలోనే 2025 నవంబరులో పూర్తిగా తెరిచిన పెద్ద మ్యూజియం ఉన్నది. తూతన్‌ఖామున్ సమాధి సంపద అంతా అందులోనే. కనీసం సగం రోజు పెట్టుకోండి. కాళ్లు నొప్పిగల పెద్దలకు చక్రాల కుర్చీ అడగడానికి మొగమాటపడవద్దు.

రాజుల మృతదేహాలు మాత్రం అక్కడ లేవు. ఇరవైరెండింటిని 2021 ఏప్రిల్ 3న ఊరేగింపుగా ఫుస్తాత్‌లోని నాగరికతా మ్యూజియానికి తరలించారు. మనవారు ఎక్కువగా అడిగేది "ఫిరౌను శవం ఎక్కడ?" అని. రెండవ రామ్సెస్, అతని కుమారుడు మెర్నెప్తా ఇద్దరి దేహాలూ అక్కడ ఉన్నాయి. అయితే మూసా (అలై) కాలపు ఫిరౌను వీరిలో ఫలానా అని ఖుర్ఆన్ పేరు పెట్టి చెప్పలేదు, చరిత్రకారులలో ఏకాభిప్రాయమూ లేదు. గైడు ఎంత నమ్మకంగా చెప్పినా, చూసివచ్చి ఇతరులకు చెప్పేటప్పుడు ఈ మాట కూడా కలిపి చెప్పడం న్యాయం. ఆ గదిలో ఫొటోలు తీయనివ్వరు. మంచిదే. ఎండి నల్లబడిన ఆ ముఖాల ముందు ఫొటోకు నిలబడాలని మాకు అనిపించలేదు. కైరో దాకా వెళ్లలేనివారు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో నిజాం కాలంలో తెచ్చిన ఈజిప్టు మమ్మీని చూడవచ్చు.

చివరి రోజు తీరికగా ఇబ్న్ తూలూన్ మస్జిదుకు (876–79) వెళ్లాము. కట్టిన నాటి రూపంతో నిలిచిన మస్జిదులలో కైరోలో ఇదే పాతది. ఇటుక కమానులు, మెట్లు బయట చుట్టుకొని పోయే మినారు, నిశ్శబ్దం. మాకు అన్నిటికంటె ఇదే అందంగా తోచింది. ఇమామ్ షాఫిఈ (రహ్మ) సమాధి గుమ్మటాన్ని కూడా చూశాము. 1211 లో కట్టిన ఆ గుమ్మటం శిఖరం మీద చిన్న లోహపు పడవ ఉంటుంది. మన హైదరాబాదు బార్కస్‌లోని అరబ్బు వంశీయులు ఈ ఇమాము మార్గాన్ని అనుసరించేవారే. సలాహుద్దీన్ అయ్యూబీ 1176 లో మొదలుపెట్టిన కోట మీదికి ఎక్కేసరికి పొద్దు వాలింది. మినారులు లెక్కపెట్టడానికి మా చిన్నవాడు మొదలుపెట్టి వదిలేశాడు.

శంషాబాదులో దిగి జాతీయ రహదారి మీద వస్తూ, బీచుపల్లి వంతెన దాటగానే అమ్మగారు కారు ఆపమన్నారు. జనవరి కృష్ణ రాళ్ల మధ్య సన్నగా పారుతున్నది. ఆమె దిగి, మా భుజం పట్టుకొని, వంతెన స్తంభాల వైపు కన్నులు చికిలించి చూశారు. గీతలు ఉన్నాయా నాయనా అని అడిగారు. ఆ దూరం నుండి మాకూ కనబడలేదు.