సరస్సు దరిని పరదేశుల సమాధులు

తడ యొద్ద నిలిచి తూర్పునకు చూచినచో నేల కంటె నీరే యెక్కువగా కనబడును. తెలుగువారు ప్రళయకావేరి యని పిలిచిన పులికాటు సరస్సు అది. శీతకాలమున ఫ్లెమింగో పక్షులు వాలినప్పుడు దూరప్రాంతముల జనులు ఇచటికి వత్తురు. పక్షులను చూచి మరలువారిలో, సరస్సు దక్షిణమున సముద్రముతో కలియు చోట మఱియొక చూడదగిన స్థలము కలదని యెఱిగినవారు కొద్దిమంది. పళవేర్కాడను ఆ యూరు నేడు తమిళనాడులోనిది. పులికాటు అనునది దాని పేరే. అచట డచ్చివారి శ్మశానము కలదు.

డచ్చివారు 1610లో ఆ రేవున వర్తకశాల నెలకొల్పిరి. 1613లో గెల్‌డ్రియా కోట కట్టిరి. 1690 వరకు ఈ తీరమున వారి వ్యాపారమునకు అదియే ముఖ్యస్థానము. చిరివేరుతో ఎఱ్ఱగా అద్దిన మన బట్టల కొఱకు వారు అంత దూరము వచ్చిరి. ఆ బట్టల నిచ్చి తూర్పుదీవులలో లవంగములును జాజికాయలును కొనిరి. వచ్చినవారిలో పెక్కుమంది స్వదేశమునకు మరలిపోలేదు. శ్మశానద్వారమున 1656 అను సంవత్సరమును, అస్థిపంజరముల బొమ్మలును చెక్కబడియున్నవి. పిల్లలు వానిని చూచి మొదట జడియుదురు, పిమ్మట వ్రేలితో తాకి చూతురు. లోపల 70కి పైగా సమాధులు కలవు. ఫలకములపై డచ్చి భాషలో మృతుల పేర్లు, తేదీలు, వంశచిహ్నములు కానవచ్చును. భారత పురావస్తు శాఖ ఆ స్థలమును కాపాడుచున్నది.

లాభమునకై వచ్చిన పరదేశుల గోరీలకు మన ధనమేల వ్యయము చేయవలెనని యడుగువారు కలరు. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. మహారాష్ట్రములోని కొల్హాపురమున పోలండు దేశీయుల సమాధులు కలవు. వారి కథ వేఱు. 1940, 1941లలో సోవియట్ ప్రభుత్వము సైబీరియా మున్నగు చోట్లకు తఱిమిన కుటుంబములలో కొన్ని, విడుదలయైన పిమ్మట ఇరాను మీదుగా మన దేశము చేరెను. కొల్హాపురము చెంత వలివడె శిబిరమున 1943 నుండి 1948 వరకు సుమారు 5,000 మంది తలదాచుకొనిరి. అట్టి నిరాశ్రయుల గోరీల యెడ ఎవరికైనను జాలి పుట్టును. పులికాటు డచ్చివారిని ఎవరును తఱుమలేదు. వారు వర్తకమునకై ఓడ యెక్కినవారు.

అయినను పులికాటునుండి తఱుమబడినవారును కలరు. వారు డచ్చివారు కారు, ఈ తీరపు జనులు. కఱవులు వచ్చినప్పుడును, యుద్ధములు చెలరేగినప్పుడును, తిండి లేక తమ్మును తమ బిడ్డలను అమ్ముకొనినవారిని డచ్చి కంపెనీ కొని, బానిసలుగా బటేవియాకు, అనగా నేటి జకార్తాకు, ఓడలలో పంపెను. 1622, 1623 సంవత్సరములలోనే పులికాటు, దేవనాంపట్నము వంటి రేవులనుండి సుమారు 1,900 మంది పంపబడిరని చరిత్రకారులు తేల్చిరి. వర్తకునికి వంశచిహ్నముతో కూడిన ఫలకము దక్కినది. అమ్ముడుపోయిన పిల్లవానికి పేరైనను మిగులలేదు.

ఆ డచ్చి సమాధులు నిలువవలసినది ఇందుచేతనే. కోట శిథిలమైపోయినది. ఆ కాలమున ఈ రేవు ఎవరి చేతిలో నుండెనో, ఎవరి ఓడలు ఇచటినుండి కదలెనో కంటికి చూపుటకు ఆ రాళ్ళు మిగిలినవి. వానిని పాడుచేసినచో హాలండునకు కలుగు నష్టము స్వల్పము. మనవారి జాడ చెప్పగల సాక్షి పోవును. కాని శ్మశానమును చూపించు పెద్దలు శిల్పపు సొగసు మాత్రము చెప్పి ఊరకుండుట తగదు. ఓడలలో పోయినవారి మాట కూడ అచటనే చెప్పవలెను.

పోలండువారు తమవారికి ఆశ్రయమిచ్చిన ఊరిని మఱువక, తమ రాజధానియైన వార్సాలో కొల్హాపురము పేరిట స్మారకము నిలిపిరి. 2024 ఆగస్టులో మన ప్రధానమంత్రి అచట పుష్పాంజలి ఘటించిరి. అంత దూరపు నగరమున ఒక జాతి తన ప్రవాసుల కథను రాతిపై నిలుపగా, ప్రవాసులను కోల్పోయిన ఈ సరస్సు దరి యేల యూరకుండవలెను? తడ యొద్ద, నీరు కనబడు గట్టున, చిన్న రాయి నొకదానిని నిలుపవచ్చును. దానికి గొప్ప ధనము పట్టదు. ఊరివారును బడిపిల్లలును పూనుకొనిన చాలును. చెక్కుటకు పేర్లు దొరకవు. రేవు పేరును, ఏండ్లును, ఓడలు పోయిన దిక్కును చెక్కిన సరి.