ట్రాక్టరు ఫిల్టరు మర్చిపోం, బండి ఫిల్టరు ఎప్పుడైనా తీసి చూశామా?

మిరప కోతల్లో పడి నెలరోజులుగా ఏమీ రాయలేదు. ఈరోజు పురుగుమందుల గురించి కాదు, రేట్ల గురించీ కాదు. మనం రోజూ చేలోకి వేసుకుపోయే బండి గురించి. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన ఊళ్లలో ఎత్తు బండ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి. 2011లో హీరో ఇంపల్స్ వచ్చినప్పుడు ఇంత ఎత్తు గుర్రం మనకెందుకు అనుకున్నాం. 2016లో హిమాలయన్, 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక కుర్రాళ్లు వీటి వెంట పడ్డారు. ఎక్స్‌పల్స్‌కి ముందు 21 అంగుళాల చక్రం, నేలకి 220 మిల్లీమీటర్ల ఎత్తు. డొంకలో ట్రాక్టరు గాడి పడినా, కాలవ గట్టు కోసుకుపోయినా దాటేస్తుంది. ఒకటే సిలిండరు కాబట్టి ఊరి మెకానిక్కుకీ చేతకాని ఇంజను కాదు. కానీ ఆ ఒక్క సిలిండరు ఆగిందంటే మొత్తం ఆగినట్టే. పక్క సిలిండరు లాక్కెళ్లడం అంటూ ఉండదు.

నా బండీ అలాంటిదే, సెకండ్ హ్యాండులో కొన్న కార్బొరేటర్ బండి. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు బండిది కాదు, నాది.

పోయిన పత్తి సీజనులో ఒక రాత్రి కాలవ నీళ్ల వంతు మాది. పక్క చేలో నాకు తమ్ముడి వరస అయ్యే కుర్రాడు మడవ కడుతుంటే పాము కరిచింది. ఆ బురద డొంకలోకి అంబులెన్సు రాలేదు, తారు రోడ్డు దాకా మనమే తీసుకెళ్లాలి. బండి సెల్ఫు కొట్టా. తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ మళ్లీ కొడితే బ్యాటరీ కూర్చుంది. కిక్కు కొట్టీ కొట్టీ కాలు పోయింది. చివరికి ఇంకొకాయన ఊళ్లోంచి ఎక్సెల్ బండి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. పాము కరిచినవాడికి ఇరవై నిమిషాలంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. వాడి అదృష్టం, మా అందరి అదృష్టం, బతికి బయటపడ్డాడు.

తెల్లారి మెకానిక్కు ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పాడు. లోపల ఎలుక గూడు. మన పత్తే పట్టుకెళ్లి మెత్తగా పరుచుకుంది. ఫిల్టరు మీద రేగడి దుమ్ము అట్టకట్టింది. ప్లగ్గు తీస్తే పొయ్యి మసిలా నల్లగా ఉంది. గాలి అందక, పెట్రోలు ఎక్కువై, ప్లగ్గు మసిబట్టి చచ్చిపోయింది. ఇంతే జబ్బు.

అసలు సిగ్గుపడాల్సింది ఇది: బండి నాకు పదిహేను రోజుల ముందు నుంచీ చెబుతూనే ఉంది. లాగుడు తగ్గింది, మైలేజీ 40 నుంచి 32కి పడింది, పొగ నల్లగా వస్తోంది. నేనేం చేశాను? పెట్రోల్లో కల్తీ అన్నాను. లాగుడు పెరుగుతుందని ఎవరో చెబితే ఆరు వేలు పెట్టి మోత సైలెన్సరు వేయించాను. మోత పెరిగింది, లాగుడు పెరగలేదు. ముక్కు మూసుకుపోయినోడికి కొత్త చెప్పులు కొనిచ్చినట్టు చేశాను.

అందుకే నా మాట ఇది. చేలో తిరిగే బండిని కిలోమీటర్లు చూసి సర్వీసు చేయిస్తే చాలదు. దుమ్మునీ బురదనీ చూసి చేయాలి. సర్వీసు పుస్తకం ఉందిగా, షోరూము వాళ్లు చూసుకుంటారుగా అంటారు కొందరు. నా బండి రోజుకి 15 కిలోమీటర్లు తిరుగుతుంది. 3000 కిలోమీటర్లు రావాలంటే 200 రోజులు. అంటే దుక్కి నుంచి పత్తి తీత దాకా ఎవడూ డబ్బా విప్పడన్నమాట. ట్రాక్టరు విషయంలో మనం ఇలా చేస్తామా? దానికి గంటలు లెక్కపెడతాం, దుమ్ములో దున్నితే ఎయిర్ క్లీనరు ఆయిలు ముందే మారుస్తాం. బండీ సేద్యం పనిముట్టే. కాకపోతే దాన్ని మనం అలా చూడం.

పెద్ద పనేం కాదు, నేనిప్పుడు చేస్తున్నవి చెబుతా:

1. దుమ్ము రోజుల్లో పదిహేను రోజులకోసారి ఫిల్టరు డబ్బా మూత తీసి చూడండి. స్పాంజి ఫిల్టరైతే సబ్బు నీళ్లలో కడిగి, బాగా ఆరాక, ఆయిలు పట్టించి పిండి పెట్టండి. నూనె తడి ఉండే కాగితం ఫిల్టరైతే కడగొద్దు, గాలి కొట్టొద్దు, మార్చేయడమే.

2. ట్రాక్టరు కోసం తెచ్చిన ఆయిలు మిగిలిందని బండిలో పోయకండి. బండిలో ఇంజనుకీ, గేర్లకీ, క్లచ్చుకీ ఒకటే ఆయిలు. వేరే ఆయిలు పోస్తే క్లచ్చు జారొచ్చు. కంపెనీ చెప్పిన గ్రేడుతో పాటు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి.

3. చైను మరీ బిగించకండి. ఈ బండ్లకి వెనక చక్రం ఎక్కువ ఎత్తు ఆడుతుంది. మనిషి కూర్చుని గుంటలో పడినప్పుడు బిగుతు చైను గేర్‌బాక్సు బేరింగుని లాగేస్తుంది. పుస్తకంలో రాసినంత ఆట ఉంచండి.

4. స్పోకుల్ని స్పానరుతో ఒక్కొక్కటీ తట్టండి. బిగుతైనది టింగుమంటుంది, వదులైనది డబ్బుమంటుంది. ఒకటి వదిలేస్తే బరువు పక్కవాటి మీద పడుతుంది.

5. బురద కడిగేటప్పుడు ప్రెషరు నీళ్లు చక్రాల బేరింగుల మీదా, వైర్ల మీదా కొట్టొద్దు. ఆయిల్ కూలరు ఉంటే దాని రేకుల మధ్య బురద మెత్తగా తీయండి. అది ఎండి గట్టిపడితే ఇంజను వేడి బయటికి పోదు.

చీకట్లో బండి స్టార్టు కాకపోతే కంగారుపడి నాలాగా సెల్ఫు మీద సెల్ఫు కొట్టకండి. వరసగా చూడండి. ముందు కిల్ స్విచ్చి, సైడ్ స్టాండు. తర్వాత ట్యాంకులో పెట్రోలు, కార్బొరేటర్ బండైతే ట్యాపు. తర్వాత ప్లగ్గు టోపీ ఊడిందా, లోపల తడి ఉందా. తర్వాత ఎలుక కొరికిన వైర్లు. చివరికి ఫిల్టరు. సీటు కింద ప్లగ్గు స్పానరు, కొత్త ప్లగ్గు ఒకటి ఎప్పుడూ ఉంచండి. ప్లగ్గు ఖరీదు పురుగుమందు డబ్బా ఖరీదులో ఎంత?

ఇక మార్పుల సంగతి. నేను మార్పులకి వ్యతిరేకం కాదు. ఇంజను కింద రేకు, చేతులకి గార్డులు మనకి పనికొచ్చేవే. బరువు మీద గట్టు ఎక్కాలంటే ముందు స్ప్రాకెట్టు ఒక పన్ను తగ్గించొచ్చు. ముందు 13, వెనక 40 పళ్లు ఉంటే నిష్పత్తి 3.08. ముందు 12 పెడితే 3.33. లాగుడు సుమారు 8 శాతం పెరుగుతుంది, ఆ మేరకు వేగం తగ్గుతుంది. మనం చేలో వంద స్పీడులో పోం కదా. కానీ ఫిల్టరు డబ్బా పీకేసి బయట గొట్టం ఫిల్టరు పెట్టడం, సైలెన్సరు కోయడం మనకి నష్టం. పైగా అనుమతి లేని మార్పుకి మోటారు వాహనాల చట్టంలో ఒక్కో దానికి ఐదు వేలు జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది.

ఇంకొకటి. తైవాన్ స్ప్రేయర్ పెట్టుకోడానికి వెనక స్టాండు వెల్డింగు చేయిస్తున్నారు చాలామంది. బ్యాటరీ వైర్లు విప్పకుండా వెల్డింగు పెట్టనివ్వకండి. ఇంజెక్షను బండి అయితే దాని కంప్యూటరు కూడా విప్పి పక్కన పెట్టించండి. అది కాలిపోతే వేలల్లో మాట. బోల్టులతో బిగించే స్టాండు దొరికితే ఇంకా మేలు.

నా ఆరు వేల సైలెన్సరు ఇప్పుడు పాకలో మూలన ఉంది. పాతదే మళ్లీ బిగించాను. ఆ రాత్రి నాకు కావాల్సింది కొత్త సైలెన్సరు కాదు, పది నిమిషాలు పెట్టి తీయాల్సిన ఒక మూత. ఈ ఆదివారం మీ బండిదీ తీసి చూడండి. లోపల ఏం కనబడిందో కామెంట్లో పెట్టండి. ఎలుక గూడు దొరికితే సిగ్గుపడొద్దు, మీకు తోడు నేనున్నాను.