ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, మరి ఇంగ్లీషు?

పోయిన వారం మన గ్రూపులో ఒక పెద్దాయన, పిల్లలకు ఇంగ్లీషు రావాలంటే ముందు ఇంట్లో తెలుగు మాట్లాడేది మానాలని రాసినారు. చాలామంది అవునవునన్నారు. మేము ఒప్పుకోము. ఎందుకో కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము, ఓపికగా చదవండి. మన ఊళ్ళల్లో ఇంగ్లీషు చెప్పే మేష్టర్లూ టీచరమ్మలూ మనలోనే ఉన్నారు, ముఖ్యంగా వాళ్ళ కోసమే ఇది.

బాగేపల్లి పక్క పల్లెలో పిల్లకు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. ఇంగ్లీషు వచ్చేసరికే రెండు భాషలు చేతిలో ఉంటాయి. తెలుగులో అమ్మ వచ్చినా "వచ్చింది", బస్సు వచ్చినా "వచ్చింది". అందుకే మన పిల్లలు హీ, షీ, ఇట్ దగ్గర తడబడతారు. కన్నడలో అట్ల కాదు. బందను, బందళు, బందితు, మూడూ వేరే వేరే. మేము చదివింది తమిళ మీడియం. వందాన్, వందాళ్, వందదు అని మాకు చిన్నప్పుడే అలవాటైంది కాబట్టి ఈ తేడా మాకు తొందరగా కనిపిస్తుంది. బోర్డు మీద కన్నడ మాటలు మూడు రాసి, పక్కన హీ, షీ, ఇట్ రాస్తే పది నిమిషాల పని. ("మేము", "మనము" తేడా తెలుగులోనూ తమిళంలోనూ ఉంది. ఇంగ్లీషుకు ఒక్క "వీ" చాలు!) ఇక "హ్యావ్" అనే మాటకు సరిపోయే క్రియ తెలుగులోనూ లేదు, కన్నడలోనూ లేదు. నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు అంటాము కానీ, నేను ఇద్దరు అన్నలను కలిగినాను అనము కదా. దాన్ని మాత్రం వేరేగా, రోజూ చెప్పించాల్సిందే.

తెలుగు మాట వినబడితే ఫైన్ వేసే బళ్ళు ఉన్నాయి. ఫైన్‌కు భయపడి పిల్ల నోరు మూసుకుంటుంది, అంతే. మూసిన నోట్లో నుంచి ఇంగ్లీషు ఎట్ల వస్తుంది?

మేము కౌంటర్లో ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళము. డిగ్రీ చదివినవాళ్ళు కూడా రిజర్వేషన్ ఫారం పక్కవాళ్ళతో రాయించుకునేది చూసినాము. ఆ ఫారాన్నే పాఠం చేయండి. జిరాక్సు తీసి ఇచ్చి, ఒకరు క్లార్కు, ఒకరు ప్యాసింజరు. వేర్ ఆర్ యూ గోయింగ్? విచ్ డేట్? హౌ మెనీ టికెట్స్? తరువాత సీట్లు మార్చుకోవాల. యాభై మంది ఉన్న క్లాసులో కూడా ఇద్దరిద్దరుగా అందరూ ఒకేసారి మాట్లాడతారు. గోల ఉంటుంది, ఉండనీయండి. హెడ్మాస్టరుకు ముందే చెప్పి పెట్టుకోండి. మేష్టరు అడిగితే తల వంచుకునే పిల్ల, క్లార్కు కుర్చీలో కూర్చుంటే దబాయించి అడుగుతుంది.

ఇంకొకటి. చింతామణి పక్క టమాటా తోటలు, శిడ్లఘట్ట పక్క పట్టుపురుగుల ఇండ్లు. ప్రతి ఇంట్లో విత్తనాల ప్యాకెట్టో, మాత్రల అట్టో, మందు డబ్బానో ఉంటుంది. ఖాళీ ప్యాకెట్టు తెమ్మనండి. మందు డబ్బా మాత్రం ముట్టుకోవద్దని, దాని మీద మాటలు మూడు రాసుకొని రమ్మనండి చాలు. ఆ డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఏదో ఒక రంగు గుర్తు ఉంటుంది. ఎరుపంటే అన్నిటికంటే విషం ఎక్కువ. నాయన మందు కొట్టే ముందు కూతురు "పాయిజన్", "గ్లవ్స్" అనే మాటలు చదివి చెప్పగలిగితే, అది మార్కుల కంటే పెద్ద సంగతి.

మేష్టర్లకు ఒక మాట. మీలో చాలామంది కన్నడ మీడియంలోనే చదివినారు, కాన్వెంటు వాళ్ళతో పోలుస్తారని లోపల భయం. ఆ భయం వద్దు. పిల్ల ఎక్కడ తడబడుతుందో ఆ దారిన వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. మాట్లాడేటప్పుడు మధ్యలో తప్పు దిద్దకండి. చీటీలో రాసిపెట్టుకొని, చివర్లో పేరు చెప్పకుండా రెండు తప్పులు బోర్డు మీద వేయండి. ప్రశ్న అడిగినాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. బెంగళూరు జ్ఞానభారతిలో దక్షిణ రాష్ట్రాల ఇంగ్లీషు మేష్టర్లకు శిక్షణ ఇచ్చే ప్రాంతీయ ఆంగ్ల సంస్థ 1963 నుంచి ఉంది. అవకాశం వస్తే వదలకండి.

మన గౌరిబిదనూరు తాలూకా హొసూరు పల్లెలో 1920లో పుట్టిన ఎచ్. నరసింహయ్య గారిది కూడా తెలుగు ఇల్లే. ఆయన అమెరికాలో ఫిజిక్స్ డాక్టరేట్ చేసినారు, బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయినారు, బాగేపల్లికి నేషనల్ కాలేజీ తెచ్చినారు. ఇంట్లో తెలుగు ఆయనకు ఏం అడ్డం వచ్చింది?

ఇప్పుడు సంఘం పని. ఏటా ఎస్సెస్సెల్సీలో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళకు షీల్డూ, డబ్బూ ఇస్తాము. వాళ్ళు మనం ఇవ్వకపోయినా చదువుకుంటారు. ఇంగ్లీషులో నాలుగు మార్కులు తగ్గి తప్పిన ఆడపిల్లకు ఆ ఎండాకాలంలోనే పెళ్ళి, లేకుంటే గార్మెంట్సు. ఆమెకు మన దగ్గర ఏమీ లేదు. బహుమతుల డబ్బులో సగం ఈ ఏడు బళ్ళకు కథల పుస్తకాలకూ జిరాక్సులకూ ఇవ్వాలని మా కోరిక. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ళు తెలుగు, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో చిన్న చిన్న కథల పుస్తకాలు వేస్తున్నారు. ఒకే కథ మూడు భాషల్లో దొరికితే ఇంకా మేలు, ఇంట్లో అవ్వ కూడా వింటుంది.

ఈ విషయం వచ్చే మీటింగులో పెట్టమని సెక్రెటరీ గారిని అడిగినాము. ఏ బళ్ళో ఏ క్లాసుకు ముందు ఇవ్వాలో, ఎన్ని పుస్తకాలు కావాలో మేష్టర్లే రాసి తీసుకొని రావాలని మనవి.