అద్దె యిండ్లు - యజమానుల బాధ్యత

టెక్కలి, పలాస, నౌపడ ప్రాంతములవారికి భూస్వామి యనుమాట క్రొత్తది కాదు. 1940లో మందస జమీందారీ రైతులు పడిన పాట్లను ఈ సీమ మఱచిపోలేదు. జమీందారీలు పోయినవి. నేడు మన వీధులలో వేఱొక తరగతి స్వాములు పుట్టుచున్నారు. వీరు ధనికులు కారు. ఉద్యోగ విరమణమునాడు చేతికందిన సొమ్ముతోనో, వలసపోయిన కొడుకు పంపిన డబ్బుతోనో మేడపై రెండు గదులు వేసికొని అద్దెకిచ్చు సామాన్య గృహస్థులు. 2023 ఏప్రిల్ 19న మూలపేటలో రేవునకు శంకుస్థాపన జరిగినది. రేవు పని యున్నచోటికి పనివారు వత్తురు. పనివారికి తలదాచుకొన గది కావలయును. కావున మొదటిసారి అద్దె పుచ్చుకొను యజమానులతో నాలుగు మాటలు చెప్పుట మా విధి యని తలంచుచున్నాము.

అద్దె కొబ్బరితోట ఫలసాయము వంటిదే యని వీరిలో కొందఱి భావము. ఇది సరికాదు. తోటలో చెట్టు కూలిన నష్టపడువాడు యజమాని. అద్దె యింటి కప్పు కూలినచో దాని క్రింద నుండువారు పరులు, వారి ఆలుబిడ్డలు. చట్టము ఈ భేదమును ఏనాడో గుర్తించినది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షనును చూడుడు. ఒడంబడికలో గాని స్థానికాచారములో గాని వేఱువిధముగ లేనిచో, తనకు తెలిసి, ఎదుటివాని సామాన్యదృష్టికి కానరాని ముఖ్య లోపమును యజమాని ముందుగనే చెప్పితీరవలయును. తాను చేయవలసిన మరమ్మతును, నోటీసు అందిన పిమ్మట తగిన కాలములో చేయనిచో, అద్దెకున్నవాడే దానిని చేయించి, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకొనవచ్చును.

కానరాని లోపమనగా నేమో నౌపడవారికి వేఱుగ బోధింప నక్కఱలేదు. ఉప్పుమళ్ల మీదుగా వీచు గాలి ఇనుమును బ్రతుకనీయదు. శ్లాబులోని చువ్వలు తుప్పుపట్టి ఉబ్బును, ఉబ్బిన చువ్వ సిమెంటును పగులదీయును, పెచ్చులు రాలును. అట్టిచోట పైపైన సిమెంటు పూసి, సున్నము కొట్టి అద్దెకిచ్చుట లోపమును తీర్చుట కాదు, దాచుట. విద్యుత్తు సంగతియు నట్టిదే. ఎర్తు తీగ, దాని అతుకులు ఈ నేలలో త్వరగా చెడును. 30 మిల్లీఆంపియర్ల లీకేజీ కలిగినంతనే కరెంటును త్రుంచు బ్రేకరు ఒకటి బిగించి, ఏటేట ఎలక్ట్రీషియనుచే ఎర్తును పరీక్షింపించినచో కలుగు ఖర్చెంత? ఒక నెల అద్దెను దాని కొఱకు తీసి యుంచుట కష్టము కాదు. నిర్లక్ష్యమువలన ప్రాణము పోయినచో 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారము ఐదేండ్ల వఱకు కారాగారము విధింపవచ్చును. మాకు తెలియదను మాట కోర్టులో నిలువదు.

2018 అక్టోబరు 11న తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచెను. ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు నేలకొఱిగిన దృశ్యము ఎవరు మఱతురు? తుపాను వలన ఇంటిలో ముఖ్యభాగము నశించినను, శాశ్వతముగ పనికిరాకుండ పోయినను, అద్దెకున్నవాడు కోరినచో ఆ ఒప్పందము చెల్లదని అదే 108వ సెక్షను చెప్పుచున్నది. కప్పు లేని యింటికి అద్దె లెక్కగట్ట దలచువారు దీనిని చదువుకొందురు గాక. అంతకంటె ముందు రేకుల కప్పుల కొక్కెములు బిగించుటకు అక్టోబరు రాకమునుపే నిచ్చెన వేయవలయును.

ఇక కాగితముల మాట. పదునొకండు నెలలకు వ్రాసికొన్నచో రిజిస్ట్రేషను అక్కఱలేదను నమ్మకము మన ఊళ్లలో వేదవాక్యమైనది. ఇతర రాష్ట్రముల మాట యెట్లున్నను, మన రాష్ట్రము 1999లో చేసికొన్న సవరణచే లీజు పత్రము, గడువు ఎంత స్వల్పమైనను, రిజిస్టరు కావలసినదే. అడ్వాన్సు విషయమున, కేంద్ర ప్రభుత్వము 2021 జూనులో ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసగృహములకు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. అది నమూనాయే, రాష్ట్రము స్వీకరించిన గాని అమలు కాదు. అయినను న్యాయమైన కొలత.

అద్దె బాకీపడినవాని సామాను వీధిలో వేయుట, నీరు, కరెంటు ఆపుట మగతనమని భావించువారును కలరు. చట్టరీత్యా కాక బలముచే వెళ్లగొట్టబడినవాడు, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 6వ సెక్షను క్రింద ఆఱు నెలలలోగా దావా వేసి స్వాధీనము తిరిగి పొందవచ్చును. ఇల్లు నీదేనా యను ప్రశ్న అచ్చట రాదు. నెలసరి అద్దె యైనచో, వేఱు ఒప్పందము లేనప్పుడు, పదునైదు దినముల నోటీసు ఇచ్చి, ఆపై కోర్టుకు పోవుటయే మార్గము.

ఉద్దానమున మఱియొక బాధ్యత కలదు. ఇచ్చటి మూత్రపిండముల వ్యాధికి కారణము ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. అట్లని ఊరికి క్రొత్తగా వచ్చిన కుటుంబమునకు బోరునీరు ఏదో, కుళాయినీరు ఏదో చెప్పక గది తాళము చేతికిచ్చుట తగునా? బోరునీటిని పరీక్ష చేయించి, ఆ కాగితమును వారికి చూపుటకు ఏ చట్టమును కావలయునా?

టెక్కలి, పలాస గ్రంథాలయములవారు పైన చెప్పిన 108వ సెక్షనును సులభమైన తెలుగున వ్రాయించి, అందఱికి కనబడునట్లు గోడకు తగిలింతురని, తుపానుల కాలము రాకమునుపే ఆ పని జరుగునని కోరుచున్నాము.